జవాబు చెప్పవలసిన వారెవరు?

గడచిన వేసవిలో నొక సాయంకాలము మా యెదురింటి సోదరి కొన్ని కాగితములు చేత బట్టుకొని మా గడప త్రొక్కినది. ఆమె పెద్దకూతురు బళ్లారిలో ఇంజనీరు చదువు ముగించి, పైచదువునకై అమెరికాలో టెక్సాసు రాష్ట్రమందలి డల్లాసు నగర ప్రాంతమునకు పోవ సిద్ధపడుచుండెను. మా వారు బడిపంతులు గనుక ఈ విడపనకల్లులో ఇంగ్లీషు కాగితములు చదివి చెప్పుపని తఱుచుగా మా యింటికే వచ్చును. వారింకను బడినుండి రాలేదు. మేమే దీపము వెలిగించి చాపమీద కూర్చుండి, వచ్చినంతవఱకు ఒక్కొక్క కాగితము చదివి చెప్పితిమి. బ్యాంకు వారి అప్పుపత్రము, విశ్వవిద్యాలయము వారి లేఖ, వైద్యఖర్చుల బీమా పత్రము. నాలుగెకరముల శనగచేను కుదువపెట్టి తెచ్చిన అప్పు అది.

అన్నియు ముగిసిన తరువాతగూడ ఆమె లేవలేదు. కొంగు కొస వ్రేలికి చుట్టుకొనుచు మెల్లగా నడిగినది: "అయివారమ్మా, బిడ్డకు రోగమొస్తే ఎవరు కట్టేదీ దీంట్లో రాసినారు. అప్పు కట్టకుంటే ఏమి చేసేదీ రాసినారు. ఆ అంగళ్ళకాడ తుపాకితో కాల్చినారే, అట్లాంటిది జరిగితే ఎవరు జవాబు చెప్పేదీ యాడన్నా రాసుండాదా?"

మేము కాగితములు మరల త్రిప్పి చూచితిమి. అట్టిది ఎక్కడను లేదు.

ఆమె చెప్పిన "అంగళ్ళు" ఏవో చదువరులకు జ్ఞాపకముండవచ్చును. 2023వ సంవత్సరము మే 6వ తేదీన డల్లాసునకు సమీపమునగల ఆలెన్ నగరమున దుకాణముల సముదాయములో నొకడు తుపాకితో కాల్పులు జరిపి యెనిమిదిమందిని చంపెను. అందొకతె మన తెలుగు బిడ్డ. ఇంజనీరు ఉద్యోగము చేసికొనుచుండిన యువతి. ఆమె దేహమును హైదరాబాదునకు తెచ్చుట దూరదర్శన యంత్రములలో చూచి మన యిండ్లలో కంటతడి పెట్టని తల్లి లేదు. ఆనాడు మా యెదురింటి బిడ్డ కళాశాలలో రెండవయేడు చదువుచుండెను. తల్లి మనసులో ఆ దృశ్యము అప్పుడు పడి, ఇప్పుడు కాగితముల నడుమ నుండి మరల లేచినది.

మేము కళాశాల మెట్లెక్కినవారము కాము. మా తండ్రిగారు ఇంటివద్దనే భారతమును, స్మృతులను కొంతవఱకు చెప్పించిరి. అమెరికా నగరముల న్యాయము మాకెట్లు తెలియును? కాని ఒక తల్లి అడిగిన ప్రశ్నకు "ఏమో" యని యూరకుండుట ధర్మము కాదని తోచి, నాలుగు దినములు గడువడిగితిమి. మా వారు విని నవ్వలేదు. "చదువుము. కావలసిన తీర్పులు నేను ముద్రించి తెచ్చెదను" అనిరి. ఆ నాలుగు దినములు నలుబది దినములైనవి. మేము తెలిసికొన్నదానిని సోదరీమణులతో పంచుకొనుటకే ఈ వ్యాసము.

ముందుగా మాకు తెలిసిన త్రోవనే పోతిమి. యాజ్ఞవల్క్యస్మృతి వ్యవహారాధ్యాయమున, దొంగలపాలైన ప్రజల సొమ్మును రాజు తిరిగి యిచ్చితీరవలెననియు, ఇయ్యనిచో ఆ పాపము రాజునే చెందుననియు కలదు. మఱియొకచోట ఇంకను స్పష్టముగా నున్నది. ఊరిలో హత్యగాని దొంగతనముగాని జరిగి, నేరగాని యడుగుజాడ ఊరు దాటినట్లు కనబడనిచో దోషము గ్రామాధిపతిదే. తన పొలిమేరలో జరిగినదానికి ఆ గ్రామమే యిచ్చుకొనవలెను. లేదా జాడ ఏ యూరిలోనికి పోయెనో ఆ యూరు ఇచ్చుకొనవలెను. భారతము శాంతిపర్వమునను, పోయిన సొమ్ము రాబట్టలేని రాజు తన బొక్కసము నుండి ఇచ్చుట ధర్మమని చెప్పబడినది. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరవ్యాఖ్య నాధారముగా గొని పదుమూడవ శతాబ్దమున కేతన మన తెలుగులో విజ్ఞానేశ్వరీయమును రచించెను. కనుక ఈ విచారము మన భాషకు క్రొత్తది కాదు. ఇంగ్లండులోగూడ 1285వ సంవత్సరపు వించెస్టరు శాసనము ప్రకారము, దోపిడిదొంగను పట్టి యియ్యలేని ప్రాంతమువారందఱు కలసి నష్టము నిచ్చుకొనవలసి యుండెను.

ఇది చదివినప్పుడు మాకు ఎంతయో ధైర్యము కలిగినది. పన్ను పుచ్చుకొన్నవాడు కాపాడవలెను, కాపాడలేనివాడు ఇచ్చుకొనవలెను. ఇంతకంటె సుబోధమైన న్యాయమేమున్నది? ఎదురింటి సోదరికి ఈ మాటయే చెప్పి పంపుద మనుకొంటిమి. కాని మా వారు తెచ్చిన తీర్పులు చదువుకొలదిని ఆ ధైర్యము సడలినది.

మొదటి చిక్కు ఇది. నగరపాలకులు తుపాకులను ముందుగా అడ్డగింపగలరా? ఆలెన్ నగరము ఉన్న టెక్సాసులో అడ్డగింపలేరు. తుపాకుల విషయమున నగరములు తమకై తాము కట్టడి చేయరాదని ఆ రాష్ట్రశాసనమే నిషేధించుచున్నది. కొలరాడో రాష్ట్రమున బౌల్డరు అను నగరము 2018లో, యుద్ధమున వాడు విధమైన తుపాకులను తన యెల్లలలో నిషేధించెను. దానిపై దావా పడెను. 2021 మార్చి 12న న్యాయాధిపతి, రాష్ట్రశాసనమునకు విరుద్ధమని ఆ కట్టడిని కొట్టివేసెను. సరిగా పదిదినములకు, మార్చి 22న, ఆ నగరమందే యొక పచారీ దుకాణమున నొకడు పదిమందిని కాల్చి చంపెను. కట్టడి నిలిచియున్నచో ఆ పదిమంది బ్రదికియుందురని మేము చెప్పజాలము. కాని ఆ నగరపుతల్లుల గుండె లేమని కొట్టుకొనినవో యూహింపగలము. ఆ యేడే రాష్ట్రము తన చట్టమును మార్చి నగరములకు స్వేచ్ఛ యిచ్చెను. 2022లో బౌల్డరు మరల కట్టడి చేసెను. మరల దావా పడెను. ఈసారి ఆయుధము ధరించుట పౌరుల రాజ్యాంగహక్కు అను వాదముతో.

చూచితిరా! కట్టడి చేసిన నగరమునకు ముందు దావా. చేయని నగరమునకు తరువాత నింద.

రెండవ చిక్కు ఇంకను కఠినమైనది. ఘోరము జరిగిన తరువాత "మీరు కాపాడలేదు" అని నగరముమీద దావా వేయవచ్చునా? ఇందుకు ఆ దేశపు సుప్రీంకోర్టు 2005లో చెప్పిన తీర్పు చదివి మేము ఆ రాత్రి అన్నము ముట్టలేదు. కొలరాడోలోనే కాసిల్‌రాక్ అను పట్టణమున నొక తల్లి, విడిపోయిన భర్త తన చెంతకు రాకుండ న్యాయస్థానమునుండి నిషేధపుటుత్తరువు పొందియుండెను. 1999 జూన్‌లో నొకనాడు అతడు ముగ్గురు కూతుండ్రను ఎత్తుకొనిపోయెను. ఆమె సాయంకాలము మొదలుకొని నడిరేయి దాటువఱకు పోలీసులను మరల మరల వేడుకొనెను. స్వయముగా ఠాణాకు పోయెను. వారు "చూతము, చూతము" అనిరే గాని కదలలేదు. తెల్లవారుజామున అతడు ఠాణా యెదుటికి వచ్చి కాల్పులు జరిపి తానును చచ్చెను. అతని బండిలో ముగ్గురు బిడ్డల దేహములు కనబడెను. ఆ తల్లి పట్టణముపై వేసిన దావా సుప్రీంకోర్టువఱకు పోగా, తొమ్మండుగురిలో ఏడుగురు న్యాయాధిపతులు ఆమెకు విరుద్ధముగా తీర్పు చెప్పిరి. పోలీసులు ఉత్తరువును అమలుజరిపి తీరవలెనని కోరు వ్యక్తిగతమైన హక్కు ఆమెకు రాజ్యాంగము నీయలేదని దాని సారాంశము.

ఇది మాకు మొదట బోధపడలేదు. మా వారు ఇట్లు విడదీసి చెప్పిరి: "మన కాలువక్రింద నీరుగంటి యున్నాడనుకొనుము. నీరు పంచుట వాని పని. కాని నా చేను ఎండెనని నేనొక్కడను వానిమీద వ్యాజ్యమునకు పోలేను. వాడు ఊరికంతకును పనివాడు గాని నాకు బాకీదారుడు కాడందురు. ఆ న్యాయస్థానము చెప్పినదియు అట్టిదే. కాపాడుట అందఱిపట్లను కర్తవ్యము. ఏ యొక్కరికిని ఋణము కాదు." మేము "అందఱికిని చెందిన కర్తవ్యము ఒక్కరికిని చెందనిచో అది యెవరికి చెందినట్లు?" అంటిమి. వారు మాఱుపలుకలేదు. ఆ తల్లి తన దేశమున న్యాయము దొరకక అమెరికాఖండముల మానవహక్కుల సంఘమునకు మొఱపెట్టుకొనగా, 2011లో ఆ సంఘము, దేశము ఆమెపట్లను బిడ్డలపట్లను తన కర్తవ్యము తప్పినదని ప్రకటించినది.

అయినను నగరములు ఎన్నడును తలవంచవని కాదు. టెక్సాసులోనే యువాల్డీ అను చిన్నయూర 2022 మే 24న ప్రాథమిక పాఠశాలలో నొకడు 19 మంది పసివాండ్రను, ఇద్దఱు ఉపాధ్యాయినులను చంపెను. అచట దాదాపు నాలుగువందలమంది పోలీసులు చేరియు, తరగతి గదిలోనికి పోవుటకు డెబ్బదియైదు నిముషములకు పైగా తడసిరి. ఉపాధ్యాయుని యింటి యిల్లాలిమి గనుక ఆ వృత్తాంతము మేము ముగియువఱకు చదువజాలమైతిమి. రెండేండ్లకు, 2024 మే నెలలో, కొన్ని కుటుంబములతో ఆ నగరము రాజీపడెను. నగరమునకుగల బీమానుండి ఇరువది లక్షల డాలర్లు ఇచ్చుటకును, పోలీసుల యోగ్యతను శిక్షణను మెఱుగుపఱచుటకును, మే 24వ తేదీని ఏటేట స్మరణదినముగా పాటించుటకును, శాశ్వతమైన స్మారకము నిలుపుటకును ఒప్పుకొనెను. అంతకంటె హెచ్చు సొమ్మునకు పోరాడవచ్చును గాని, ఊరిని దివాలా తీయించుట తమ కిష్టము లేదని ఆ కుటుంబములవారి న్యాయవాది చెప్పెను. ఈ మాటవద్ద మేము చాలసేపు ఆగిపోతిమి. ఏలయన, నగరపు బొక్కసమనగా నెవరిది? ఆ తల్లిదండ్రులు కట్టిన యింటిపన్నే గదా! బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి నగరము చెల్లించు పరిహారములో ఆమె పొరుగింటివారి పైకము, ఆమె పైకముగూడ కలదు.

ఇక ప్రభుత్వము గట్టిగా ఓడిన వ్యాజ్యము నొకదానిని చెప్పవలెను. 2017 నవంబరు 5న టెక్సాసులో సదర్లాండ్ స్ప్రింగ్స్ అను పల్లెలో ప్రార్థనామందిరమున నొకడు 26 మంది చావునకు కారకుడయ్యెను. వాడు వైమానికదళమున పనిచేసిన కాలమున శిక్షపడినవాడు. ఆ శిక్షను ఆ దళమువారు తుపాకుల కొనుగోలు దారుల విచారణకై యుంచిన దేశపు పట్టికలో వ్రాయింపలేదు. వ్రాసియున్నచో దుకాణదారుడు వానికి తుపాకి అమ్మియుండడు. ఈ లోపమునకై 2021లో న్యాయాధిపతి, ఆ ఘోరములో నూటికి అరువదిపాళ్ళు బాధ్యత ప్రభుత్వముదే యని చెప్పెను. మరుసటి యేడు 23 కోట్ల డాలర్లకు పైగా చెల్లింపుమని తీర్పు వచ్చెను. 2023లో 14 కోట్ల 45 లక్షలకు రాజీ కుదిరెను. పట్టికలో నొక్క పంక్తి వ్రాయకపోవుట! మా వారు రాత్రులయందు దీపముక్రింద హాజరుపట్టీలు సరిచూచుకొనునపుడు "రేపు వ్రాయరాదా" యని మేము విసుగుకొనుట కలదు. ఇకమీదట విసుగుకొనము.

ఇంతవఱకు తెలిసినదానిని ఎదురింటి సోదరికి చెప్పగా, ఆమె చెవియొగ్గి విని, "అది పరాయి దేశం. మనకాడ ఎట్లమ్మా?" అని యడిగినది. న్యాయమైన ప్రశ్నయే. మన యింటి కుండ చూచుకొనక పొరుగింటి కుండలో నీరు కొలుచుట యేల?

మన దేశమున తుపాకి లైసెన్సు ఇచ్చునది పురపాలకసంఘము కాదు, జిల్లా మేజిస్ట్రేటు. 1959 నాటి ఆయుధచట్టము ప్రకారము. కనుక ఆ దేశమువలె నగరములమీద తుపాకి దావాలు మనకు లేవు. కాని "కాపాడవలసినవారు కాపాడలేదు" అను వ్యాజ్యము మన రాయలసీమనుండియే పుట్టి ఢిల్లీవఱకు పోయినది. అది మాకు చిన్ననాటినుండి తెలిసిన కథయే. మా పుట్టినిల్లు కోయిలకుంట్లకు దాపుననున్న పల్లె. 1977 మే 5వ తేదీ రాత్రి, తెల్లవారిన 6వ తేదీ, మూడున్నర గంటలవేళ కొందఱు కోయిలకుంట్ల సబ్‌జైలులో చొరబడి, ఒక గదిలో నిర్బంధములోనున్న తండ్రికొడుకులపై బాంబులు వేసిరి. తండ్రి కర్నూలు ఆసుపత్రిలో మరణించెను. కొడుకు గాయములతో బయటపడెను. మా యమ్మ అప్పటికి చిన్నపిల్ల. "జైల్లో ఉన్నోళ్ళకే దిక్కులేకపోతే ఇండ్లల్లో ఉన్నోళ్ళ గతేమి?" అని ఆ వారమంతయు పెద్దలు దీపముండగానే తలుపులు బిగించెడివారని ఆమె చెప్పెడిది.

ఆ కుటుంబమువారు ప్రభుత్వముమీద పదిలక్షల రూపాయలకు దావా వేసిరి. ప్రాణభయమున్నదని ముందే చెప్పుకొన్నను చాలినంత కాపలా ఉంచలేదని వారి మొఱ. ప్రభుత్వము "ఇది రాజ్యాధికారమునకు చెందిన పని; దీనికి నష్టపరిహార ముండదు" అని వాదించెను. అట్లు వాదించుటకు దానికొక పాత తీర్పు ఆధారముగా నుండెను. సోదరీమణులు ఆ కథయు వినవలెను. 1947లో మీరటు పట్టణమున పోలీసు లొక వర్తకుని పట్టుకొని, అతనివద్దనున్న నూరు తులములకు పైబడిన బంగారమును ఠాణాలో నుంచిరి. దానిని కాపాడవలసిన హెడ్ కానిస్టేబులే యెత్తుకొని పాకిస్తానునకు పారిపోయెను. వర్తకుని వెండి దొరకెను గాని బంగారము దొరకలేదు. 1960వ దశకమున సుప్రీంకోర్టు, పోలీసుల తప్పు నిజమేయైనను అది రాజ్యాధికారపు పనిలో జరిగినది గనుక ప్రభుత్వము ఇచ్చుకొననక్కరలేదని తీర్పు చెప్పెను. దొంగలపాలైన సొమ్ము రాజు ఇచ్చితీరవలెనన్న స్మృతి యెక్కడ? పోలీసే దొంగయైనను ఇయ్యనక్కరలేదన్న ఈ న్యాయమెక్కడ?

కోయిలకుంట్ల వ్యాజ్యమును క్రింది న్యాయస్థానము కాలపరిమితి దాటినదని కొట్టివేసెను. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మాత్రము ఆ కుటుంబమునకు 1,44,000 రూపాయలు వడ్డీతో నిప్పించెను. ప్రభుత్వము ఢిల్లీకి పోయెను. 2000వ సంవత్సరము ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, నిర్బంధములో నున్నను మనిషి ప్రాణమునకు హక్కు పోదనియు, ఆ హక్కునకు భంగము కలిగినచోట రాజ్యాధికారమను డాలు ప్రభుత్వమునకు అడ్డము రాదనియు చెప్పి హైకోర్టు తీర్పును నిలిపెను. 1977 నుండి 2000 వఱకు ఇరువదిమూడేండ్లు! నాడు తలుపు బిగించుకొన్న మా యమ్మ తల్లియై, మాకు అక్షరములు వచ్చిన పిమ్మట గాని జవాబు రాలేదు.

ఈ నడుమ నొక తల్లి యుత్తరముగూడ త్రోవ చేసినది. ఒడిసాలో నీలాబతి బెహరా అను నామె కొడుకును 1987లో పోలీసులు పట్టుకొనిపోగా, మరునాడు అతని శవము రైలుపట్టాలమీద కనబడెను. ఆమె సుప్రీంకోర్టునకు ఉత్తరము వ్రాసెను. ఆ యుత్తరమునే వ్యాజ్యముగా తీసికొని 1993లో న్యాయస్థానము ఆమెకు లక్షయేబదివేల రూపాయలు ఇప్పించి, ప్రాణహక్కు విషయమున ప్రభుత్వము తప్పించుకొనరాదని చెప్పెను. ఉత్తరము వ్రాయ నేర్చిన సోదరీమణులారా, ఇది మఱువకుడు.

అయితే పురపాలకసంఘముల సంగతి యింకను తేలలేదు. 1997లో ఢిల్లీలో ఉపహార్ అను చలనచిత్రశాల కాలి 59 మంది మరణింపగా, హైకోర్టు నగరపాలకసంఘమును గూడ పరిహారమునకు బాధ్యురాలిని చేసెను. 2011లో సుప్రీంకోర్టు ఆ భారమును తొలగించి, చిత్రశాల యజమానులును, విద్యుత్తు సంస్థయు ఇచ్చుకొనవలెననెను. అనుమతులిచ్చుటలో లోపమున్నంతమాత్రమున నష్టమునకు సూటిగా బాధ్యులు కారని దాని భావము. కాసిల్‌రాక్ తల్లికి చెప్పిన మాటకును దీనికిని చాయ యొకటే.

ఇవన్నియు చదివిన పిమ్మట మా మనసునకు, వెనుక మేమొక యూర కాపురమున్నప్పటి సంగతి తట్టినది. కుళాయి గొట్టములకై వీథిలో త్రవ్విన గుంతను మూయక నెలరోజులు విడిచిరి. ఒక కూలితల్లి కొడుకు చీకటిలో అందులో పడి చేయి విఱుగగొట్టుకొనెను. పెద్దలు కూడి కొంత సొమ్ము చేతిలో పెట్టిరి. ఆమె పేదరాలు, ఆసుపత్రికి కావలెను గనుక పుచ్చుకొన్నది. పుచ్చుకొని యింటికి పోలేదు. ఆ గుంత గట్టుననే కూర్చుండి, "ఈ గుంత తోడినోడెవరు, మూయమని చెప్పాల్సినోడెవరు, ఎందుకు మూయలే? అది చెప్పండి" అన్నది. పొద్దుగ్రుంకువఱకు ఎవరును చెప్పలేదు. కాని దీపాలవేళకు మట్టిబండి వచ్చి గుంత మూసిపోయినది.

మేము చదివిన తీర్పులన్నిటిలోను ఆ కూలితల్లియే మాకు కనబడుచున్నది. కాసిల్‌రాక్ తల్లి యడిగినది ఆ ప్రశ్నయే. యువాల్డీ తల్లులు అడిగినది ఆ ప్రశ్నయే. వారు సొమ్ము తక్కువైనను ఒప్పుకొని, శిక్షణయు స్మరణయు వ్రాయించుకొనిరి. పరిహారము అక్కరలేదని కాదు. పేదయింట అది అన్నము. కాని దావాకు ప్రాణము సొమ్ములో లేదు, జవాబులో నున్నది. సొమ్ము బొక్కసమునుండి, అనగా మన యందఱి కొంగుముడినుండి వచ్చును. జవాబు మాత్రము తప్పుచేసినవాని నోటినుండియే రావలెను. అందుచేతనే కాబోలు, సొమ్ము చెల్లించుటకంటె జవాబు చెప్పుటకే పాలకులు ఎక్కువగా జంకుదురు.

జవాబు దొరకనిచోట ప్రజలు ఏమి చేయుదురో మా సమీపముననే యొక నిదర్శన మున్నది. 1893 అక్టోబరులో గుంతకల్లువద్ద తెల్లసోల్జర్లు ఇద్దఱు స్త్రీలను తఱుమగా, వారు రైలుగేటు కాపలాదారుని గదిలో దాగిరి. గూళపాళ్యము హంపన్న యను ఆ కాపలాదారుడు వారికి అడ్డము నిలిచి తుపాకిగుండునకు బలియయ్యెను. మదరాసు హైకోర్టులో విచారణ జరిగి ముద్దాయి విడుదలయ్యెను. న్యాయస్థానము చెప్పని జవాబును ప్రజలు చందాలు వేసికొని రాతిమీద చెక్కించిరి. జీతగాడైన హంపన్న "ఈ స్త్రీలను కాపాడుట నా పనికాదు, గేటు వేయుటే నా పని" అనలేదు. కాపాడుట ఏ యొక్కరికిని ఋణము కాదన్న తీర్పులు చదివినప్పుడెల్ల మాకు అతడు జ్ఞాపకము వచ్చుచున్నాడు.

ఎదురింటి సోదరికి కడపట మేము చెప్పినది ఇది: "అక్కా, ఆ కాగితములలో లేని మాట ఏ కాగితమునను లేదు. ఆలెన్‌లో వేఱుపనిమీద వచ్చియున్న పోలీసొకడు ఆ హంతకుని కొలది నిముషములలోనే కూల్చెను. యువాల్డీలో వందలమంది యుండియు నిలిచిపోయిరి. ఊరి పోలీసులు ఎట్టివారో, తుపాకి యెవరిచేతికి పోవుచున్నదో ముందుగా అడిగినవారే కొంత అడిగినట్లు. తరువాత అడుగుట న్యాయస్థానముల పని. అది ఇరువది యేండ్ల పని." బిడ్డను పంపుమనియు, పంపవలదనియు మేము చెప్పలేదు. ఆ తూనిక తల్లి చేతిది.

బిడ్డ పోవుటకే నిశ్చయమైనది. ప్రయాణపుదినమున ఆ చిన్నది మాకు మ్రొక్క వచ్చి, అచటి నగరసభలలో ఆ యూర నివసించువారు లేచి తమ మాట చెప్పుకొనుటకు వేళ కేటాయింతురని తాను చదివినట్లు చెప్పినది. తల్లి ప్రక్కనుండి విని, "అట్లయితే పోయి అడుగు తల్లీ. ఏమన్నా కాకముందే అడుగు" అన్నది. ఆమె కన్నులలో నీరున్నది గాని గొంతు వణకలేదు.

మేము కాపురమునకు వచ్చినది మొదలు గ్రామసభ యను దానికి పోయి యెఱుగము. అది మగవారి పనియని తలచితిమి. ఆ పిమ్మట జరిగిన సభకు పోయి, వెనుకవరుసలో కూర్చుండి, నీరుపడక పొలములలో విడిచిన బోరుగుంతలకు మూతలు వేయించు బాధ్యత యెవరిదని యడిగితిమి. పసిబిడ్డలు వానిలో పడకుండ తీసికొనవలసిన జాగ్రత్తలను సుప్రీంకోర్టు 2010లోనే నిర్దేశించి యున్నది. గొంతు కొంచెము వణకినది. కాని యడిగితిమి, ప్రక్కనున్న యిద్దఱు స్త్రీలుగూడ లేచి అడిగిరి. ఎచటెచట నున్నవో పట్టిక వ్రాయుదమని సభలో చెప్పిరి. ఆ పట్టికలో ఏ యొక్క పంక్తియు తప్పిపోకుండ చూచుకొను పని ఇక మాది.